కుప్పం పేజీల్లో చుక్కలు

తప్పు కనబడితే ఊరుకోలేకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఎవరైనా పెళ్లి పత్రిక చేతికిస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పులు చూస్తాను. బస్సు మీద ఊరి పేరు తప్పుగా రాసి ఉంటే ఆ బస్సు ఎక్కడానికి కూడా మనసొప్పదు. మదనపల్లెలో చాలా ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాను. తెలుగు, ఇంగ్లీషు, లోయరు, హయ్యరు అన్నీ నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎక్కడెక్కడి ఆఫీసుల్లోనో కూర్చున్నారు. దారిలో కనబడితే నమస్కారం పెడతారు గానీ ఆగి మాట్లాడరు. మాట్లాడితే అందులోనూ తప్పులు దిద్దుతానని భయం కాబోలు.

కంప్యూటర్లు వచ్చాక ఇన్‌స్టిట్యూట్ మూతబడింది. మిషన్లను పాతసామాన్లవాడు ఆటోలో వేసుకుపోయాడు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు కూడా ఇప్పుడు మిగల్లేదు. మదనపల్లెలోనే, బెంగుళూరు బస్టాండు దగ్గర మేడ మీద ఒక పోర్షన్‌లో ఉంటాను. కింద ఇంటివాళ్లు మంచివాళ్లే, కానీ అద్దె రోజు తప్ప మెట్లెక్కరు. కొన్ని రోజులు సాయంత్రం దీపం వేసేటప్పుడు, పొద్దున్నించి నేను ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదని గుర్తొచ్చేది. అప్పుడు చెప్పులేసుకుని అంగడి దాకా పోయి, అక్కర లేకపోయినా కొత్తిమీర కట్ట ఎంతని అడిగి వచ్చేదాన్ని. ఒంటరితనం అంటే ఏమిటో నాకు ఎవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

అలాంటి రోజుల్లో పుంగనూరు సారు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. పుంగనూరులో ఎవరో పాత కరణం గారి ఇంటి అటక మీద జమీందారీ కాలం నాటి ఖానేసుమారి పుస్తకాలు దొరికాయట. ఖానేసుమారి అంటే ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని లెక్కరాసుకున్న పుస్తకం. ఇంటి పెద్ద పేరు, అతని తండ్రి పేరు, చేసే పని, మగవాళ్లెందరు, ఆడవాళ్లెందరు, ఎద్దులెన్ని. సారు వాటిని పేజీ పేజీ ఫోటో తీయించాడు. వాటిని చదివి టైపు చేసి ఇంటర్నెట్‌లో పెడితే, ఎక్కడెక్కడో స్థిరపడిన ఈ ప్రాంతం వాళ్లు తమ ముత్తాతల పేర్లు వెతుక్కోవచ్చని ఆయన ఆశ. జీతం లేదు, ఇష్టమున్నవాళ్లే చేయాలి. "కాఫీ కూడా మీరే తాగల్ల మేడం," అని ముందే చెప్పాడు.

పని చేసే పద్ధతి మాత్రం నాకు నచ్చింది. ఒక్కో పేజీని ఇద్దరు విడివిడిగా టైపు చేయాలి. ఒకరు ఏం కొట్టారో రెండోవారికి తెలియకూడదు. మూడో మనిషి ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి, తేడా ఉన్నచోట అసలు ఫోటో చూసి ఏది ఒప్పో తేల్చాలి. ఆ మూడో మనిషిని నేను. ఇంకొకరి తప్పులు వెతికే పని, అదీ ఇంట్లో కూర్చుని! నాకోసమే పుట్టించారా అనిపించింది. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో, బెంగుళూరులో కూడా టైపు చేసేవాళ్లున్నారు. ఎవరికీ ఎవరి ముఖమూ తెలియదు. వాళ్ల వాళ్ల తప్పుల్ని బట్టే నేను వాళ్లను గుర్తుపట్టేదాన్ని. బెంగుళూరు అబ్బాయి ఒత్తులు మింగేస్తాడు. పుంగనూరు టీచరమ్మకు సందేహం వస్తే చాలు, తనకు తెలిసిన పేరు వేసేస్తుంది.

కుప్పం ఆమె దగ్గర మాత్రం నా జబ్బుకు మేత దొరకలేదు. ఆ కాలపు గొలుసుకట్టు రాతలో మాటకూ మాటకూ మధ్య చోటుండదు, కొన్నిచోట్ల సిరా పాకిపోయి ఉంటుంది. దాన్ని ఆమె అన్నం తిన్నంత తేలిగ్గా చదివేది. అయితే ఆమె పేజీలన్నిట్లో ఒక్కటే లోపం. ఒక పేరు వచ్చినప్పుడల్లా అక్కడ వరసగా చుక్కలు పెట్టి వదిలేసేది. అప్ప అని ముగిసే ఆ పేరు మా వైపు ఏ వీధిలో పిలిచినా ఇద్దరు తిరిగి చూస్తారు. అంత సులువైన పేరు. పైగా ఆ పుస్తకాల్లో వల్లించినట్టు మళ్లీ మళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిచోటా చుక్కలే. నాకు ఒళ్లు మండింది. సారు దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను.

"నేను మదనపల్లె నుంచి మాట్లాడతాండానమ్మా, పేజీలు సరిచూసేదాన్ని. ఇంత బాగా సదువుతావు, ఆ ఒక్క పేరు కాడ చుక్కలు యాల పెడతాండావు? కనపడలేదా?"

"కనపడింది మేడం."

"మరి?"

వెనకాల ఎవరో మగమనిషి దగ్గుతున్నాడు. ఆమె గొంతు బాగా తగ్గించింది.

"అది మా ఇంటాయన పేరు మేడం."

నాకు కోపమే వచ్చింది. "నోటితో అనమన్నానా తల్లీ? టైపు కొట్టమన్నాను, అంతే గదా."

"ఏలితో కొట్టినా సెప్పేది నేనే గదా మేడం. పెండ్లాము పేరు పెట్టి అంటే మొగుడికి ఆయుస్సు తగ్గుతాదని మాయమ్మ సెప్పింది. ఆయనకు ముందే ఉబ్బసం. నాకెందుకు మేడం ఆ గాచారం?"

"ఈ కాలంలో కూడానా అమ్మా?"

"కాలం యాదైతే ఏం మేడం, మొగుడు ఒగడే గదా."

ఈలోగా వెనకనించి ఆ దగ్గు మనిషి, "ఎవురే ఫోన్లో?" అన్నాడు. "మదనపల్లె మేడం. నీ పేరు కతే," అందామె. "నా పేరుకేమొచ్చిందంట? బాగనే ఉండాదే!" అన్నాడాయన. నాకు నవ్వొచ్చింది. ఫోన్ పెట్టేశాక కూడా నవ్వుతూనే ఉన్నాను. నా గదిలో నా నవ్వు నేనే విని చాలా కాలమైంది.

నెల తిరక్కముందే సారు ఫోన్ చేశాడు. "ఆ కుప్పం ఆమెను తీసేద్దాం మేడం. పేజీ నిండా బొక్కలే. ఇద్దరు సదవల్లని గదా మన పద్ధతి? ఆమె వదిలిపెట్టిన కాడ ఒగరే సదివినట్టు అయితాది."

"ఆ రెండో మనిషిని నేనైతాను సార్. ఆ పేరు వచ్చిన కాడల్లా ఫోటో చూసి నేను నింపుతా."

"మీకెందుకు మేడం అంత సాకిరి?"

"ఆమెను తీసేస్తే నేనూ మానుకుంటా," అన్నాను. అంత మాట ఎందుకన్నానో ఆయనకు అర్థం కాలేదు. ఆమె లాగా పాత రాత చదివే మనిషి దొరకదని చెప్పాను. అది నిజమే. కానీ అసలు సంగతి వేరు. అప్పటికే ప్రతి ఆదివారం పొద్దున ఆమె నాకు ఫోన్ చేస్తోంది. ఆ వారం ఏ ఏ పేజీల్లో చుక్కలు పెట్టిందో చదివి చెప్పేది. చెప్పనక్కర్లేదు, కంప్యూటరే ఎర్ర రంగులో చూపిస్తుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం తెలియనట్టే ఉండేవాళ్లం. ఆ చుక్కలు లేకపోతే ఆమెకు నాతో పనిలేదు. వారానికి ఒక్కసారి నన్ను వెతుక్కుంటూ వచ్చే ఆ గొంతును పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

పేజీల లెక్క ఒక్క నిమిషంలో అయిపోయేది. తర్వాత మాటలు ఎటు పోయేవో. రామకుప్పం పక్కన వాళ్లకు కొంచెం చేను ఉంది. ఏనుగులొచ్చి రాగి చేను తొక్కిపోయాయని ఒక వారం, బోరులో నీళ్లు తగ్గాయని ఒక వారం. ఆయనకు ఆయాసం ఎక్కువై చేను గుత్తకిచ్చేసి, ముందు గదిలో మంచం మీద కూర్చుని రోడ్డు చూస్తుంటాడు. ఆమెకు ఈ పని అంటించింది కూడా ఆయనేనట. నా గొంతు వినబడగానే అక్కడినుంచే కేకేసేవాడు.

"మేడమ్మును అడుగు, ఈ వారం నేను ఎన్ని ఇండ్లల్లో ఉండానంట?"

నేను చెప్పేదాన్ని. రామసముద్రం పక్క ఒక ఊళ్లో మీకు నాలుగెద్దులున్నాయి, కమ్మరి వీధిలో ఇంకో మీకు ఏమీ లేదు, కొలిమి తప్ప. తంబళ్లపల్లె దారిలో గొర్లు కాస్తున్నారు. ఒక ఇంట్లో మీరు ఒక్కరే మగవాడు, ఆడవాళ్లు ఏడుగురు.

"ఏడుగురా! ఒగదాంతోనే యాగలేక సస్తాండానప్పా!"

"అందుకే నేను ఆ పేరు రాయంది," అనేది ఆమె. ముగ్గురం నవ్వేవాళ్లం. మీ పేరు మీరే కొట్టొచ్చు కదా అని ఒకసారి ఆయన్నడిగాను. "నా పేరు నేనే రాసుకునేదేంది మేడం, సిగ్గులేకుండా? మీరుండారు గదా," అన్నాడు.

మీరుండారు గదా. ఆ మాట ఆ రోజంతా నా వెంటే తిరిగింది.

అలా ఆ పేరు రాయడం నా పనైంది. తప్పుగా అనుకోవద్దు, నేను ఆయన్ను చూడనైనా లేదు. కానీ ఏ మగవాడి పేరునూ నేను జీవితంలో అన్నిసార్లు రాయలేదు. పేజీ తెరవగానే ముందు ఆ చుక్కల కోసమే చూసేదాన్ని. లేకపోతే ఆ పేజీ చప్పగా ఉండేది. ఉంటే, వాటి చోట ఆ పేరు కొడుతున్నంతసేపూ కుప్పంలోని ఆ ముందు గదిలో నాకూ ఒక మూల కొంచెం చోటున్నట్టుండేది. ఒక ఇంట్లో నేను లేకపోతే జరగని పని ఒకటుందంటే, అది ఎంత చిన్నదైనా, మనిషికి చాలు. నాకు చాలింది.

ఒక ఆదివారం ఫోన్ రాలేదు. మర్చిపోయి ఉంటుందిలే అనుకున్నాను. తర్వాతి ఆదివారమూ రాలేదు. ఆమె కొత్త పేజీలు తీసుకున్నట్టు కూడా కంప్యూటర్లో కనబడలేదు. నేనేమైనా నోరు జారానా అని వెనక్కి వెనక్కి వెతుక్కున్నాను. ఫోన్ చేయొచ్చు, కానీ నేనే చేస్తే నాకే అవసరమున్నట్టుంటుందని బింకం. బింకం నాలో చిన్నప్పటినించీ ఉంది, దాన్ని పెట్టుకుని బాగుపడింది మాత్రం ఏమీ లేదు. మళ్లీ అంగడికి పోయి కొత్తిమీర ధర అడిగే రోజులొచ్చాయి.

కొన్ని వారాలకు ఒక పొద్దున ఆమె పేజీలు వచ్చి ఉన్నాయి. కాఫీ కూడా తాగకుండా కూర్చున్నాను. మొదటి పేజీ తెరిచాను, చుక్కల్లేవు. రెండోది తెరిచాను, లేవు. ఈ ఊళ్లో ఆ పేరు లేదేమో అనుకుని ఫోటో పక్కన పెట్టి చూశాను. ఉంది. మూడో ఇంట్లో ఉంది, ఆ కిందా ఉంది. ఉన్న ప్రతిచోటా ఆమె ఆ పేరు కొట్టింది, దీర్ఘం తప్పకుండా, ఒత్తు జారకుండా. తప్పులేని పేజీని చూసి ఏడ్చింది ఈ లోకంలో నేనొక్కదాన్నేనేమో.

ఆ మధ్యాహ్నం సారు ఫోన్ చేశాడు. మంచి హుషారుగా ఉన్నాడు. "సూసినారా మేడం? కుప్పం ఆమె దారికొచ్చింది. ఒగ్గ చుక్క లేదు! మీరు సెప్పి సెప్పి మార్చినారు."

"ఆమె మొగుడు పోయినాడు సార్."

"అయ్యో! ఎప్పుడు? ఫోన్ చేసినాదా?"

"చెయ్యలేదు. ఆయన పేరు రాసినాది."

ఆయన భార్య కూడా ఆయన్ను పేరు పెట్టి పిలవదు కదా, అర్థమయ్యే ఉంటుంది.

మర్నాడే కుప్పం బయల్దేరాను. మదనపల్లెలో ఎక్కినప్పటినించి పుంగనూరు, పలమనేరు దాటేదాకా, అక్కడికి పోయి ఏమనాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను. పలకరింపులకు వెళ్లే అలవాటు నాకు లేదు. ఆమె చెప్పిన గుర్తుల్ని బట్టి ఇల్లు పట్టుకున్నాను. వాకిట్లో చాట ముందు పెట్టుకుని రాగులు చెరుగుతోంది. నేను అనుకున్నదానికంటే చిన్న మనిషి. నుదుటి మీద బొట్టు లేదు. "అమ్మా," అన్నానో లేదో, గొంతు గుర్తుపట్టింది.

"మదనపల్లె మేడమ్మా!" అని లేచి వచ్చి నా చేతులు పట్టుకుంది. ముందు గదిలో మంచం లేదు. అది ఉండిన చోట గచ్చు మీద నాలుగు కాళ్ల మచ్చలున్నాయి. దివసాలకు వచ్చిన చుట్టాలు ఎప్పుడో వెళ్లిపోయారట. పొద్దు పోక మళ్లీ పేజీలు ముందేసుకున్నానని చెప్పింది.

"నాకు ఒగ మాట సెప్పకూడదా?" అన్నాను.

"ఏమని సెప్పేది మేడం? సెప్పాలంటే అంతా సెప్పల్ల." చాట పక్కకు పెట్టింది. "ఆ పొద్దు శానా ఆయాసమొచ్చేసినాది. పక్కింటోళ్ల ఆటోలో ఏసుకోని ఆస్పత్రికి పోతిమి. యాడికి పోయినా నేను ఆధార్ కార్డు సూపిస్తాను మేడం, పేరు సెప్పే పనుండదు. ఆ పొద్దు తొందర్లో కార్డు ఇంట్లోనే మరిసిపోయినా. కిటికీ కాడ ఆ పాప పేషెంటు పేరేందమ్మా, పేరేందమ్మా అంటాది. ఎనకాల మనుషులు తోస్తాండారు. ఆటో ఆయప్ప బండి పెట్టేదానికి పోయినాడు. అడిగేదానికి ఇంగెవురూ లేరు. నోరు తెరిసి అనేసినా."

"మంచి పని చేసినావు."

"ఆయన పక్కనే స్ట్రెచ్చరు మీద ఉండాడు మేడం. ఇనపడింది. ఆ ఆయాసంలో కూడా నగినాడు. ఇన్నేండ్లకు అనినావే, నీ నోట ఎంత బాగుండాదే, అనినాడు." చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మధ్యాహ్నానికి పోయినాడు. నేను అనకుండా ఉంటే ఉండునేమో మేడం. ఇంగ ఏమి రాస్తే ఏముండాది, యాడ రాస్తే ఏముండాది. అందుకే రాసేసినా."

నాకు ఓదార్చడం చేతకాదు. తప్పును తప్పనడం ఒక్కటే వచ్చు. అదే చేశాను. పేరు అంటే మనిషి పోడని, ఆయన్ను ఉబ్బసం తీసుకుపోయిందని గట్టిగా చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపుతూనే ఉంది. చివరికి నా దగ్గరున్న ఒక్క సాక్ష్యం బయటపెట్టాను.

"నన్ను సూడమ్మా. ఇన్ని దినాలు ఆ పేరు నేను రాయలేదా? నీ చుక్కలున్న ప్రతి కాడా నేనే గదా రాసింది. పేరుతోనే పోయేటట్టయితే నా చేతుల్లోనే ఎప్పుడో పోయుండల్ల గదా!"

ఆమె కళ్లు తుడుచుకుని నావైపు చూసింది. నేను రాసినందుకే ఆయన పోయాడేమోనని భయపడుతున్నాననీ, ఆ భయం తను పోగొట్టాలనీ అనుకుంది కాబోలు. నా చేతి మీద చెయ్యేసి చాలా మెత్తగా చెప్పింది.

"మీరు రాస్తే ఏం గాదు మేడం. మీరు ఆయనకు ఏమీ గారు గదా."

నేను అవునన్నాను. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? ఆయనకనే ఏమిటి, నేను ఎవరి పేరు రాసినా, ఎన్నిసార్లు రాసినా, ఎవరికీ ఏమీ కాదు. ఈ సంగతి నాకు తెలియంది కాదు. కానీ ఇంకొకరి నోట, అదీ అంత ప్రేమగా చెప్పగా వినడం అదే మొదలు. ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. నేను మంచం కాళ్ల మచ్చలకేసి చూస్తూ కూర్చున్నాను.

సాయంత్రం బస్సు దాకా వచ్చి రాగి మురుకులు పొట్లం కట్టి ఇచ్చింది. "ఫోన్ చేస్తా ఉండండి మేడం," అంది. చేస్తానన్నాను. బస్సు పలమనేరు చేరేదాకా, ఏమని చేయాలా అని ఆలోచించాను. ఊరికే, ఎట్లుండావమ్మా అని చేసేవాళ్లుంటారు. వాళ్లు ఒకరికొకరు ఏదో ఒకటి అవుతారు. నాకు తెలిసింది పేజీల గురించి చేయడమే.

ఆ వారాంతానికి ఆమె పేజీలు వచ్చాయి. ఒక్కొక్క పేరు, ఒక్కొక్క ఎద్దు ఫోటోతో సరిచూశాను. ఒక్క ఒత్తు జారినా చాలు, ఒక్క దీర్ఘం తప్పినా చాలు, ఫోన్ చేయొచ్చు. ఒక్క తప్పు కోసం రెండుసార్లు మొదటినించి చివరి దాకా వెతికాను. దొరకలేదు.